మైదుకూరు ఉప్పు

కర్నూలులో తిరుమలయ్య పట్టుచీరల అంగడి అంటే తెలియనోళ్ళు లేరు. అయినా మనిషికి తృప్తి ఉండాలి గదా. ఎదురంగడి వాళ్ళు వాకిట్లో నీళ్ళు చిమ్మే బొమ్మ పెట్టినప్పట్నుంచి ఆయనకు కంటికి కునుకు లేదు. హైదరాబాదు దాకా పోయి, సముద్రపు చేపల అద్దాల తొట్టి తెచ్చి గల్లాపెట్టె పక్కనే పెట్టించినాడు. రెండువేల ఆరో సంవత్సరం, ఇంకా ఎండలు ముదరలేదు.

తొట్టి అమర్చిన దావీదురాజు ముందే చెప్పినాడు పాపం.

"మూడు రకాలుండాయి సావుకారూ. ఉత్త చేపలదైతే ఉప్పు, మేత, కరెంటు అన్నీ కలిసి నెలకు రెండువేలల్లో తేలిపోతాది. రాళ్ళు పేర్చి చేపలు వదిలేదైతే నాలుగు. ప్రాణమున్న పగడాలది కావాలంటే మాత్రం దీపాలు వేరే, నీళ్ళు చల్లార్చే మిషను వేరే. మన ఎండకు ఆ మిషను ఒక గడియ కూడా ఆపకుండా తిరగాల. తొమ్మిదివేలకు తగ్గదు. కొనేది సులువే, సాకేదే కష్టం."

"పగడం ఉంగరంలో చూసినోళ్ళే గానీ, పెరగంగా చూసినోళ్ళు ఈ ఊర్లో ఎవరుండారప్పా? అదే పెట్టు" అన్నాడు తిరుమలయ్య.

ఆయన పెట్టించినాడు సరే, సాకే పని వచ్చి పడింది భార్య నాగేంద్రమ్మ మీద. అంగడి పైనే కాపురం. పదిహేను దినాలకొకసారి సగం నీళ్ళు తోడేసి, మంచినీళ్ళలో ఉప్పు కలిపి మళ్ళీ పోయాల. ఆ ఉప్పు కూడా దావీదురాజు తెచ్చేదే, పది కిలోల సంచి పదహారు వందలు.

నాగేంద్రమ్మ పుట్టిల్లు మైదుకూరు. వాళ్ళ నాయనది ఉప్పు మండీ. బుడి బుడి అడుగులు వేసే వయసులో ఆమె ఆడుకున్నదే ఉప్పు మూటల మీద. "ఉప్పుకు పదహారు వందలా! మా నాయన వింటే కాటిలో నుంచి లేచి వస్తాడు" అనుకునేది సంచి విప్పినప్పుడల్లా.

ఏప్రిల్ నెల కరెంటు బిల్లు చూసినాక ఇంక ఆగలేకపోయింది. తమ్ముడికి కబురు చేసి, మైదుకూరు నుంచి ఒక బస్తా కల్లుప్పు తెప్పించింది. ఇది నెల్లూరు దిక్కు సముద్రం ఒడ్డున పండిన ఉప్పు, అవి సముద్రపు చేపలు. పుట్టింటి ఉప్పు ఎవరికైనా చేదవుతుందా? ఆవకాయకు పోసినట్టు చేతి అంచనాతో పోసి కలిపేసింది. మొగుడికి చెప్పలేదు. ఎండాకాలం పోయినాక మిగిలిన దుడ్లు చేతిలో పెట్టి, ఔరా అనిపించాలని ఆమె ఆశ.

మొదటిసారికి పగడాలు ముడుచుకున్నాయి. రెండోసారికి ఎముకల మాదిరి తెల్లబడ్డాయి. మూడోసారి నీళ్ళు మార్చిన మర్నాడు పొద్దున, అంగట్లో పెండ్లి బేరం జరుగుతాంటే, పసుపుపచ్చ చేప వెల్లకిలా తేలింది. దాని వెనక ఇంకోటి. మధ్యాహ్నానికి తొట్టిలో కదిలేది ఒక్కటీ లేదు.

తిరుమలయ్య కోపమంతా మద్దమ్మ మీదికి మళ్ళింది. పన్నెండేండ్లుగా ఆ అంగడి ఊడ్చి తుడిచే మనిషి. తొట్టికి బకెట్లు మోసేది కూడా ఆమే.

"సబ్బు బకెట్లో నీళ్ళు తెచ్చి పోసినావు గదూ? కండ్లు నెత్తికెక్కినాయా?"

"లేదు సావుకారూ. సబ్బుది ఎర్ర బకెట్. దీనికి నీలందే వాడతాండా."

"మళ్ళా ఎదురు మాటొకటి! లక్ష రూపాయల సొమ్ము మట్టిలో కలిపినావు. రేపట్నుంచి ఈ గడప తొక్కొద్దు."

బేరానికి వచ్చినోళ్ళు, చీరలు మడిచే గుమాస్తాలు అందరూ చూస్తానే ఉండారు. మద్దమ్మ ఒక్కసారి, మెట్ల కాడ నిలబడిన నాగేంద్రమ్మ దిక్కు చూసింది. నాగేంద్రమ్మ కింద పరిచిన బేతంచెర్ల బండల దిక్కు చూసింది. తేలు కుట్టిన దొంగకు నోరెట్ల పెగులుతుంది? మద్దమ్మ చీపురు మూలకు ఆనించి వెళ్ళిపోయింది.

సాయంత్రం దావీదురాజు వచ్చి, చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి చూసినాడు. తిరుమలయ్య బేరం దిక్కు పోయినాక నాగేంద్రమ్మను మెల్లగా అడిగినాడు. "అక్కా, ఏం ఉప్పు పోసినావు? సముద్రంలో ఉప్పొక్కటే ఉండదు. సున్నం, ఇంకా ఏవేవో సత్తువలుంటాయి. కల్లుప్పులో అవన్నీ పోయి ఉప్పే మిగులుతాది. సబ్బు సంగతి కాదిది."

నాగేంద్రమ్మ తెల్లవారి ఆటో కట్టించుకొని బుధవారపేటలో మద్దమ్మ ఇంటికి పోయింది. మద్దమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతాంది. లేవలేదు, కూర్చో అనలేదు.

"మద్దమ్మా, తప్పు నాది. ఆ ఉప్పు..."

"తెలుసమ్మా. మైదుకూరు బస్తా మెట్లెక్కి మోసింది నేనే గదా."

నాగేంద్రమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "తెలిసి కూడా నోరు మూసుకున్నావా?"

"నువ్వు చెప్తావని చూసినా."

ఆ మాటకు నాగేంద్రమ్మ తల భూమిలోకి దిగిపోయింది. "ఆయనకు ఈపొద్దే ఇంట్లో చెప్తా, నువ్వు పనిలోకి రా" అంది.

"సావుకారు నన్ను ఇంట్లో అన్నాడా అమ్మా? చాట దులిపినట్టు నలుగురిలో దులిపినాడు. నువ్వొచ్చి నా చెవిలో చెప్తే, ఆ నలుగురికీ నేను సబ్బునీళ్ళ మద్దమ్మనే. పని యాడైనా దొరుకుతాది. పేరు యాడ తెచ్చుకోవాల?"

నాగేంద్రమ్మ ఆమె చేతిలోని చాట తీసి పక్కన పెట్టింది. "లే, నాతో రా" అంది.

ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చినారు. అంగడి నిండా మనుషులు. నాగేంద్రమ్మ ఎప్పుడూ పక్క మెట్ల మీదుగా పైకి పోయేదే గానీ, జనం ముందు నిలబడి మాట్లాడిన మనిషి కాదు. గల్లాపెట్టె ముందు నిలబడింది.

"ఏమండీ, చేపలను చంపింది నేను. ఖర్చు తగ్గుతాదని మా పుట్టింటి కల్లుప్పు పోసినా. నిన్న మద్దమ్మను మీరంటాంటే నోరు మూసుకొని చూసినా."

చీర మడిచే చేతులు ఆగిపోయినాయి. ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. తిరుమలయ్య ముఖం నల్లబడింది. "లోపలికి పో. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత అంటే ఎట్లండీ? నిన్న ఆయమ్మను అనేదానికి తర్వాత దాకా ఆగినారా?"

ఆయన ఖాళీ తొట్టి దిక్కు చూసినాడు, మద్దమ్మ దిక్కు చూసినాడు, చివరికి అందరికీ వినపడేటట్టే, "తప్పయిపోయిందిలే మద్దమ్మా" అన్నాడు.

మద్దమ్మ కొంగు దోపుకొని, మూలనున్న చీపురు అందుకుంది. నీలం బకెట్ పక్కకు జరిపి, ఎర్ర బకెట్ తీసింది.

"ఎప్పటి మాదిరే పొద్దున ఏడుకు రావాల్నా, సావుకారూ?" అని అడిగింది.

ఆయన్నే అడిగింది. పక్కనే నిలబడిన నాగేంద్రమ్మ దిక్కు మాత్రం చూడలేదు.