అడగకుండా తగిలించిన లక్షణం

ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. పక్కగదిలో ఆయన ఫోన్లో వాళ్ళక్కతో అంటున్నారు: "రేపు అమ్మ కంటి ఆపరేషన్‌కి మా ఆవిడ వెళ్తుందిలే అక్కా. దానికేం, తను చూసుకుంటుంది."

దానికేమా! రేపు పొద్దున టీమ్ లీడర్ పోస్టుకి నా ఇంటర్వ్యూ. వారం నుంచి ఇంట్లో అందరి చెవినా వేస్తూనే ఉన్నాను. ఈసారి తప్పితే ఆ కుర్చీ మళ్ళీ ఖాళీ అయ్యేసరికి నా జుట్టు నెరిసిపోతుంది.

ఆఫీసులోనూ ఇదే గోల. సిబ్బందికి డ్యూటీలు వేసే ప్రోగ్రాంలో 'ఉద్యోగి' అనే క్లాసు రాసింది నేనే. క్లాసంటే అచ్చులాంటిది, ఒక్కో ఉద్యోగి వివరాలూ అందులోంచే తయారవుతాయి. మేం వాడే భాషలో ఒక వెసులుబాటుంది. ప్రోగ్రాం నడుస్తుండగానే, ఎవరైనా బయటి ఫైల్లోంచి ఆ క్లాసుకి కొత్త లక్షణం తగిలించవచ్చు. తగిలించిన మరుక్షణం అది అప్పటికే ఉన్న ఉద్యోగులందరికీ వచ్చేస్తుంది. నిన్న పక్క సీటు పెద్దమనిషి 'సెలవులోనూ పిలవచ్చు: అవును' అని ఒక్క వాక్యం తగిలించాడు. నాతో మాటమాత్రమైనా అనలేదు. పురిటి సెలవులో ఉన్న అమ్మాయికి డ్యూటీ పడింది. పచ్చి బాలింత, ఏడుస్తూ ఫోన్ చేసింది. మేనేజరు అతన్ని పల్లెత్తు మాట అనలేదు. "క్లాసు నీదే కదమ్మా, కాస్త నువ్వే సరిచెయ్యి. ఆడవాళ్ళకి ఓపికెక్కువ" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

నాకు తగిలించినవి మాత్రం తక్కువా? పెళ్ళయిన కొత్తలో "మా కోడలు తెల్లారకముందే లేస్తుంది" అని అత్తయ్య చుట్టాలతో అన్నారు. అంతకు ముందురోజు దాకా నేను ఎండ మొహం మీద పడితే తప్ప లేచేదాన్ని కాదు. "ఆ అమ్మాయి ఆకలికి ఆగగలదు" అన్నారు మామయ్య. అప్పట్నుంచీ అందరూ తిన్నాకే నా కంచం. నాలో అవి ఉన్నాయా లేవా అని ఒక్కరూ చూడలేదు.

ఆయన ఫోన్ పెట్టేశాక, ఇస్త్రీ పెట్టె స్విచ్చి తీసేసి, వదినకి నేనే ఫోన్ చేశాను.

"వదినా, రేపు మీ తమ్ముడే సెలవు పెట్టి అత్తయ్యని తీసుకెళ్తారు."

"వాడా!" అన్నారు వదిన.

"ఆయనే. మీరు బెంగపెట్టుకోకండి."

ఆయన విసురుగా గదిలోకి వచ్చారు. మొహం కందగడ్డలా ఉంది. "నన్నొక్క మాట అడక్కుండా ఎలా చెప్పేస్తావ్?"

ఇన్నేళ్ళ కాపురంలో, పాపం ఈయనకి అడగాలని తెలియదేమో అనుకుని సరిపెట్టుకున్నాను. తెలుసు. ఆయనకి మొదటి రోజునుంచీ తెలుసు.