నెదర్లాండ్స్‌లో ఒకే సీటు

ఆ పీహెచ్‌డీ ప్రకటన మొదట చూసింది పూర్ణిమే. ఎండకు మిరప పూత ఎందుకు రాలుతుందో నెదర్లాండ్స్‌లో ఒక విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు పరిశోధించాలి. నెలనెలా జీతమిస్తారు. ఉన్నది ఒకే సీటు. రెంటచింతల చేలల్లో తెల్లటి పూత నేలరాలడం చూస్తూ పెరిగిన పూర్ణిమకు అది తన కోసమే రాసినట్టనిపించింది. మాచర్లలో జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తూ, ఏళ్లుగా యూరప్ ప్రొఫెసర్లకు మెయిళ్లు పెడుతూనే ఉంది. కొందరు నిధుల్లేవన్నారు. చాలామంది అసలు పలకలేదు.

పట్టలేని సంతోషంతో ఆ లింకు ఫరాకు పంపింది. ఎమ్మెస్సీలో ఇద్దరిదీ ఒకే గది. ఫరా వాళ్ల నాన్న రఫీక్ మాచర్లలోనే మోటార్లు బాగుచేస్తాడు.

"నువ్వు గూడా పెట్టవే. ఇద్దరం పెడితే ఒకరికన్నా రాకపోద్దా?" అంది పూర్ణిమ. ఆ ఒకరు తాను కాకపోవచ్చన్న ఊహే అప్పుడామెకు లేదు.

ఇద్దరికీ ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ జరిగింది. పూర్ణిమ బాగానే మాట్లాడింది. "పరిశోధనలో మీ ఊహ తప్పని తేలితే ఏం చేస్తారు?" అని చివర్లో అడిగినప్పుడు మాత్రం తడబడింది.

సీటు ఫరాకు వచ్చింది.

పూర్ణిమ ఆమె ఫోనెత్తడం మానేసింది. పాఠం చెప్తూ చెప్తూ ఆగిపోయేది. ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఊరి కాలవలూ సైకిల్ దారులూ మ్యాపులో చూసి చూసి వీధుల పేర్లు కూడా అప్పటికే నోటికొచ్చేశాయి. ఇక ఆ వీధుల్లో నడిచేది ఫరా.

చివరికి ఒక మధ్యాహ్నం ఫరాయే కాలేజీ గేటు దగ్గరికొచ్చింది.

"ఏందే, ఫోనెత్తవు?"

"పనుండి."

"అబద్ధాలు చెప్పమాక. నీకు రావాల్సింది నాకొచ్చింది. నేను రానని రాసేస్తా."

పూర్ణిమ చప్పున ఆమె వైపు తిరిగింది. ఫరా కాదంటే తర్వాతి పేరు తనదే కావచ్చు. ‘సరే’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎండలో నడిచొచ్చిన ఫరా మొహం కందిపోయి ఉంది. సరేనంటే నిజంగానే రాసేసేట్టుంది.

"పిచ్చి వాగుడు వాగమాక," అంది పూర్ణిమ. "నాకు చానా బాధగా ఉంది, దాచను. నువ్వు ఆగిపోతే అది తగ్గుద్దా? పో. పోయి మంచిగా చెయ్యి."

ఫరా గేటు ముందే, పిల్లలందరూ చూస్తుండగా, ఆమెను కావలించుకుని ఏడ్చేసింది.

వానలు తగ్గాక ఫరా వెళ్లిపోయింది. పూర్ణిమ మళ్లీ మెయిళ్లు మొదలుపెట్టింది. స్పెయిన్‌లో ఒక ప్రొఫెసరు మాత్రం, వచ్చే ఏడు నిధులొస్తే తప్పక రాస్తానన్నాడు.

నవంబరులో ఒకరోజు ఫరా వీడియో కాల్ చేసి గాజుగది చూపించింది. అద్దాల బయట ముసురు. లోపల వరసలుగా మిరప మొక్కలు, నిండు పూత మీద ఉన్నాయి.

"లోపల వేడి మన రెంటచింతల ఎండంత పెట్టారే. చెమటలు పట్టి చస్తున్నా," అంది ఫరా నవ్వుతూ.

పూర్ణిమ ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. "కెమెరా కొంచెం కిందకి దించు. కుండీ మొదట్లో చూడు, పూత రాలిందా?"

"ఇప్పుడిప్పుడే రాలతా ఉంది. సరే, ఇంక పెట్టేయనా? సార్ వచ్చే టైమైంది."

"పెట్టెయ్యమాక," అంది పూర్ణిమ. "కాసేపు అట్టనే పట్టుకో."