పన్నెండు లోపు కాదనకపోతే

రొమేనియాలోని యాష్ విశ్వవిద్యాలయంలో యూరప్ వ్యవహారాల పీజీ పిల్లలకు చర్చలు నడపడం ఎలాగో నేర్పుతాను. అందరి కళ్లూ ప్రభుత్వ కొలువుల మీదే. ఆ ఏడు బ్రస్సెల్స్ శిక్షణకు మాకు దక్కింది ఒక్కటే సీటు. దాని కోసమే వియోరికా, పన్నెండేళ్లుగా చేస్తున్న మునిసిపల్ ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది.

చివరి పరీక్ష ఒక ఉత్తుత్తి చర్చ. నాలుగు దేశాలు ఒక నది నీళ్లు పంచుకోవాలి. వియోరికాది దిగువ దేశం. ముసాయిదా రాసింది టియోఫిల్, క్లాసులో అందరికన్నా నోరున్నవాడు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఎవరూ కాదని రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. అసలు సభల్లోనూ ఇదే పద్ధతి. ఐదో అంశం దిగువ దేశం నోట్లో మట్టి కొట్టేలా ఉంది. అయినా వియోరికా కిక్కురుమనలేదు. ఒప్పందం ఖాయమైపోయింది.

"ఏమ్మా, నీ దేశాన్ని ఎండబెట్టి ఊరుకున్నావేం?" అన్నాను.

ఆమె తెల్లబోయింది. "ఊరుకున్నానుగా మేడమ్, అంటే వద్దనేగా! మా మేయరు నచ్చని కాగితం తెస్తే మేమెవరం నోరు విప్పం. కాసేపు చూసి ఆయనే తీసుకుపోతాడు. మొహమ్మీదే వద్దంటే ఏం బాగుంటుంది?"

నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "బ్రస్సెల్స్‌లో మీ మేయరు ఉండడు తల్లీ," అన్నాను.

సాయంత్రం మా విభాగాధిపతి అందరికీ ఉత్తరం పంపాడు. సీటు టియోఫిల్‌కు ఇద్దామనుకుంటున్నారట. సోమవారం పన్నెండు లోపు విద్యార్థులు గానీ అధ్యాపకులు గానీ ఒక్కరు కాదన్నా ఆపేస్తారట. ఆ ఐదో అంశం రాసినవాడికా అని ఒళ్లు మండింది. కానీ ఆయనతో ఇరవై ఏళ్ల స్నేహం. ఎందుకొచ్చిన గొడవలే అనుకున్నాను.

సోమవారం పదకొండూ నలభైకి వియోరికా ఉత్తరం అందరికీ వచ్చింది. "నేను ఒప్పుకోను. ఐదో అంశంతో మా దిగువ దేశానికి తాగునీళ్లు ఉండవు. చూసీ చెప్పకపోవడం నా తప్పు. మాకేమవుతుందో చూడకుండా రాయడం టియోఫిల్ తప్పు. ఇద్దరినీ కూర్చోబెట్టి అడగండి."

వరండాలో టియోఫిల్ గొంతు వినిపించింది. "అక్కా, ఈ మాట నా మొహమ్మీదే అనొచ్చుగా!"

"అందుకేరా నీకూ పంపింది," అంది వియోరికా.

పన్నెండుకు ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. సీటు ఎలాగూ ఆగిపోయింది, ఇక నా మాటతో పనిలేదు. కానీ అంతమందిలో ఆమె ఒక్కతే అయిపోయింది. ఏళ్ల తరబడి పిల్లలకు నోరు విప్పమని చెప్తున్నది నేను. సిగ్గేసింది. ఆమె ఉత్తరం కిందే "నేనూ ఒప్పుకోను" అని రాసి, పేరు పెట్టి, అందరికీ పంపాను.