టైటస్ రెండోసారి ఊదాడు

"నాన్సీ దీదీ! టైటస్ భయ్యాని ఆపారు. పోలీసుల ముందు ఊగుతున్నాడు!"

తుష్నాబాద్‌లో ఆదివారం ఆరాధన అయ్యాక పప్పుచారు పళ్లెం పట్టుకుని నిలబడ్డ నాన్సీ చెవిన పడిన మాట ఇదే. ఫోన్ చేసినవాడు శ్రీను. వండూర్ టాక్సీ స్టాండులో ఆమె భర్త టైటస్‌కి తోటి డ్రైవరు. వెనక గాలి హోరు. ఆ రోడ్డు మీద నెట్‌వర్క్ సగం, గెస్‌వర్క్ సగం. మళ్ళీ అడిగేలోగా లైను తెగింది.

ఆరేళ్ళ క్రితం టైటస్ తాగుడు మానేశాడు. సారా వదిలాకే సంసారానికి సారం వచ్చింది. ‘మళ్ళీ చుక్క ముట్టుకున్నావో, డిగ్లీపూర్‌లో మా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతా’ అని నాన్సీ అప్పుడే చెప్పింది. దీవుల ఉత్తరపు కొసకి పోయే డిగ్లీపూర్ బస్సంటే చీకటితో బయల్దేరి, పొద్దుగూకేలోగా నడుంలో ఉన్న ఎముకలన్నిటినీ పేరుపేరునా పలకరించే బస్సు. అది ఎక్కుతానన్న ఆడదాని కోపం ఉత్తుత్తి కోపం కాదు.

"ఒక్కదానివే ఎలా వెళ్తావే! మేం లేమూ?" అంది సంతోషకుమారి. స్త్రీల సమాజానికి నాయకురాలు, గొంతుకి మైకు అక్కర్లేని మనిషి. చేతులు కడుక్కున్నవాళ్ళూ కడుక్కోనివాళ్ళూ అందరూ కలిసి పికప్ వ్యాన్ ఎక్కారు. సంఘపెద్ద దేవకుమార్‌ని ఇద్దరు పట్టి పైకి లాగారు. దారంతా వాళ్ళు పాటలు పాడుతుంటే నాన్సీ ఓ మూల కూర్చుని, చెవికి కొంగు అడ్డం పెట్టుకుని ఎవరికో ఫోన్ చేసింది.

వండూర్ రోడ్డు పక్కన పోలీసు గొడుగు కింద, ప్లాస్టిక్ కుర్చీలో టైటస్ పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు.

"ఊగట్లేదే!" అంది నాన్సీ.

"ఊగడమేంటి దీదీ?" అన్నాడు శ్రీను బిత్తరపోయి. "ఊదుతున్నాడన్నాను. మిషన్లో!"

ఒక్క అక్షరం తేడాతో నాన్సీకి సగం ప్రాణం తిరిగొచ్చింది. ఆ వచ్చిన సగాన్నీ ఎస్సై గౌతమి లాగేసుకుంది. జంగ్లీఘాట్‌లో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల ఆవిడ.

"ఊదాడు అక్కా. నలభై ఆరు చూపించింది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే కేసే."

"నేను తాగలేదు నాన్సీ, నీ మీదొట్టు!" అన్నాడు టైటస్.

"నా మీద ఒట్టేసి నన్ను చంపకు. అరెస్టేనా అమ్మా?"

"అభీ నహీ, ఇప్పుడే కాదు. నోట్లో ఏమైనా మిగిలుంటే మిషన్ తప్పు చెప్తుంది. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ ఊదించాలి. అప్పుడూ దాటితే అరెస్టు. ఆ తర్వాత డాక్టరు రక్తం తీస్తాడు. అందుకే అడిగా, నోట్లో ఏం వేసుకున్నావ్ భయ్యా అని."

"ఏమన్నాడు?"

"ఎండుచేపల వేపుడు అన్నాడు."

మంచినీళ్ళ కోసం నాన్సీ టాక్సీ దగ్గరికి వెళ్ళింది. డ్రైవరు సీటు కింద చెయ్యి పెడితే చల్లగా ఏదో తగిలింది. చిన్న సీసా. అడుగున పచ్చటి నీళ్ళు. మూత తీసి వాసన చూసింది. స్పిరిట్ ఘాటు గుప్పున కొట్టింది. చటుక్కున మూత బిగించింది.

ఎస్సైకి ఇచ్చేస్తే మొగుడు జైలుకి, తను డిగ్లీపూర్‌కి. దాచేస్తే? చూస్తుండగానే ఆ సీసా ఆమె హ్యాండ్‌బ్యాగులోకి జారి, బైబిలుకీ కీర్తనల పుస్తకానికీ మధ్య భక్తిగా ఇరుక్కుంది.

తిరిగొచ్చేసరికి సంతోషకుమారి ఎస్సై ఎదుట చేతులు జోడించి ఉంది. "అమ్మా, మేమంతా ఈయన పక్షాన సాక్ష్యం చెప్పడానికి వచ్చాం."

ఇక్కడే వచ్చింది తంటా. వాళ్ళ సంఘంలో సాక్ష్యానికో పద్ధతుంది. మనిషి ఎంత లోతు గోతిలోంచి పైకొచ్చాడో చెబితేనే లేపినవాడి మహిమ. అందుకని ముందు గోతిని తవ్వాలి. బాగా లోతుగా తవ్వాలి.

"ఈ టైటస్ ఒకప్పుడు ఎలా తాగేవాడనుకున్నావు తల్లీ! క్రిస్మస్ నాటకంలో జ్ఞాని వేషం వేసి, బాలయేసు తొట్లోనే పడుకుని గుర్రు పెట్టాడు!"

"అక్కా, అదిప్పుడెందుకు..." అన్నాడు టైటస్.

"నువ్వాగు నాయనా, అది చిన్నది," అని దేవకుమార్ గొంతు సవరించుకున్నాడు. "మా మేకని టాక్సీ ఎక్కించి ఎయిర్‌పోర్టులో దింపాడమ్మా. దింపి, కిరాయి అడిగాడు."

"ఇచ్చిందా?" అనేసింది ఎస్సై, ఆపుకోలేక.

సాక్షులు ఇంత ఉత్సాహంగా ఉంటే శిక్షకి వేరే ఎవరూ అక్కర్లేదు. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. కథ కథకీ టైటస్ కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు. నాన్సీ బ్యాగుని గుండెకి హత్తుకుంది.

"ఆంటీ, మీరు వచ్చింది ఈయన తరఫునా, నా తరఫునా?" అంది గౌతమి. "ఆయన అప్పుడు తాగిన తాగుడు ఇవాళ్టి కేసుకి పనికిరాదు."

"మహిమ దగ్గరికి ఇంకా రాలేదమ్మా, విను!"

మహిమ వచ్చేసరికి చాలాసేపు పట్టింది. మధ్యలో పాట. చివర్లో దేవకుమార్ ప్రార్థన. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఎసరు కూడా మరిగి చల్లారుతుంది. ‘ఆమెన్’ అనగానే గౌతమి ఒక్క ఉదుటున లేచి, మిషన్‌కి కొత్త గొట్టం తగిలించింది.

"ఊదు భయ్యా. గట్టిగా. ఆపకుండా."

టైటస్ ఊదాడు. నాన్సీ ఊపిరి బిగబట్టింది.

సున్నా.

"స్తోత్రం!" అని సంతోషకుమారి అరిచిన అరుపుకి గొడుగు అదిరింది. "కళ్ళముందే అద్భుతం!"

కేసు లేదు. నాన్సీ నోరు మూసుకుని ఇంటికి పోవచ్చు. కానీ బ్యాగులో సీసాతో ఆ మనిషి పక్కన ఎలా పడుకుంటుంది? తీసి ఎస్సై ముందున్న బల్ల మీద టక్కున పెట్టింది. "మిషన్ సున్నా అంటోంది. మరి ఇదేంటో అడగమ్మా. నీ సీటు కిందదే కదయ్యా?"

అందరి మెడలూ సీసా వైపు సాగాయి. టైటస్ నోరు తెరుచుకుంది. "అదా! టూరిస్టులు మర్చిపోయిన సీసా. ఎండుచేప తిని జెట్టీకి వెళ్తే ఎక్కినవాళ్ళు ముక్కు మూసుకుంటున్నారు. ఇది పుక్కిలిస్తే కంపు పోతుందని... మీరు తిన్నదే అడిగారనుకున్నా."

గౌతమి సీసా తిప్పి చదివింది. అందరికీ వినబడేలా విడమర్చి చెప్పింది: "ఇది మౌత్‌వాష్. ఇందులో ఆల్కహాల్ ఉంది. పుక్కిలించిన వెంటనే ఊదితే మిషన్‌కి తగిలేది నోట్లోది, రక్తంలోది కాదు. కాసేపటికి ఎగిరిపోతుంది. నిజంగా తాగుంటే రెండోసారి సున్నా రాదు. అద్భుతం కాదు ఆంటీ, రూలు."

"అయితే మా సాక్ష్యాలు పనికొచ్చినట్టా, లేనట్టా?"

"మాటలు పనికిరాలేదు. పొడుగు పనికొచ్చింది."

నాన్సీ చేతిలో ఫోన్ మోగింది. డిగ్లీపూర్ నుంచి ఆమె అన్నయ్య. వ్యాన్లో ఆమె ఫోన్ చేసింది ఆయనకే. గొంతు బయటికే వినబడింది. "బస్టాండుకి రేపెన్నింటికి రమ్మంటావే?"

టైటస్ తెల్లబోయి పెళ్ళాం మొహం చూశాడు. నాన్సీ కళ్ళు తుడుచుకుని, ఫోన్ స్పీకర్లో పెట్టి అతని నోటి ముందు పట్టింది. "నువ్వే చెప్పు."

సంఘమంతా దగ్గరికి జరిగింది.

"బావా... తాగలేదు బావా. పుక్కిలించానంతే," అన్నాడు టైటస్. "ఉమ్మేశాను కూడా."