చెమ్మ ఆరని మడిచీర

నా కోడలు రమ్యశ్రీ లాంటి పిల్ల మా వీధిలో ఇంకొకతె లేదు. ఆమె ముందు అంటే నెత్తికెక్కుతుందని ఈ మాట ఇన్నాళ్ళూ నోట్లోనే పెట్టుకున్నాను. ఇప్పుడు చెప్పక తప్పదు. ఎందుకంటే ఆ పిల్ల ఉద్యోగం ఊడగొట్టబోయింది నేనే.

మాది ప్రొద్దుటూరు. మా ఆయన గురునాథం వీధి చివర పెరుమాళ్ళ గుడిలో అర్చకుడు. స్వామి నైవేద్యం ముప్పై ఏళ్ళుగా మా ఇంటి నుంచే పోతుంది. వండేది నేను, మడి కట్టుకుని. మడిలో ఉన్నానంటే ఎవరినీ తాకను, నన్నూ ఎవరూ తాకకూడదు. వండిన గిన్నె గుడి గడప దాటిందాకా అంతే. మా వాడు నాగసాయికి పులివెందులలో ఒక కాలేజీ ఆఫీసులో పని. తెల్లవారకముందే బస్సెక్కి, దీపాలు పెట్టాక దిగుతాడు. కోడలిది సింహాద్రిపురం. నాలుగేళ్ళు పరీక్షలు రాసింది. రెండుసార్లు ఒక్కో మార్కుతో పోగొట్టుకుంది. మూడోసారికి జమ్మలమడుగులో సర్కారు గుమాస్తా ఉద్యోగం తెచ్చుకుంది. మొదటిసారి పోయినప్పుడు రెండు దినాలు ఏడ్చి, మూడో దినం పొద్దున్నే మళ్ళీ పుస్తకం తెరిచిన పిల్ల. నేనైతే ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేదాన్ని.

మా మనవరాలు గోద పుట్టిన ఆరు నెలలకు కోడలి సెలవు అయిపోయింది. అయిపోవడం కూడా ధనుర్మాసం మొదలైన వారంలోనే. ఆ నెలలో నాకు ఊపిరాడదు. తెల్లవారుజామున పొంగలి ఒకటి. అది గుడికి పోయిన తర్వాత, పదిన్నరకల్లా, ఆ దినం సేవకు డబ్బు కట్టిన ఉభయదారుల పులిహోరలు, దద్ధ్యోజనాలు. కోడలు పొద్దున ఏడున్నరకు బయలుదేరుతుంది. ఏడున్నర నుంచి పదిన్నర దాకా పాపను ఎత్తుకునేది ఎవరు? ఇంట్లో వారం రోజులు ఇదే మాట.

పక్కింటి మెహబూబున్నీసా గోడ మీద నుంచి అడిగింది. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

"అక్కా, నా దగ్గర పండబెట్టు పాపను. ఆ మూడు గంటలు మిషను ఆపుకుంటా. నాకేం బరువా?"

నాకు ఒళ్ళు మండింది. అర్చకుడి మనవరాలిని చూసుకునే దిక్కు ఇంట్లో లేదని వీధంతా అనుకోవాలా?

"నేను సచ్చినానా? నా మనవరాలిని నేను చూసుకోలేనా?" అన్నాను.

ఆమె తన మిషను దగ్గరకు పోయింది. కోడలు మాత్రం ఊరుకోలేదు.

"అత్తా, మీరు మడిలో ఉంటారు గదా. పాప ఏడిస్తే ఎట్ల ఎత్తుకుంటారు?"

"నాగసాయిని ఎవురు పెంచినారనుకుంటాండావు? ఆ ఏర్పాటు నాకొదిలేసి నువ్వు పో" అన్నాను. పెద్ద గొప్పగా అన్నానులెండి.

ఆ సోమవారం పొద్దున ఆ పిల్ల చేసిన పనులు చూస్తే నాకే తల తిరిగింది. నాలుగింటికే లేచి, మిషనుతో తన పాలు పిండి, నాలుగు చిన్న స్టీలు డబ్బాల్లో పోసింది. ఒక్కో డబ్బాకు ప్లాస్టరు అంటించి, ఎన్ని గంటలకు పట్టాలో పెన్నుతో రాసి ఫ్రిజ్జులో వరసగా పెట్టింది. పాపకు నీళ్ళు పోసింది, గుడ్డలు ఉతికి ఆరేసింది, నాగసాయికి డబ్బా కట్టింది, తన జడ తను అల్లుకుంది. "పాలకు కూడా ఫైలు పెడతాండావేంది?" అని ఎగతాళి చేశాను. నవ్వింది. లోపల మాత్రం, అబ్బ, ఏం పిల్లరా అనుకున్నాను. పోయేముందు పాపను ముద్దుపెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ బస్టాండుకు పరుగెత్తింది. ఆఫీసు నుంచి పదకొండింటికొకసారి, రెండింటికొకసారి ఫోను. "తాగిందా? పండుకుందా?" అంతే. నా మీద ఒక్క అజమాయిషీ మాట లేదు.

ఇక నా ఏర్పాటు సంగతి చెప్తాను. మా ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. ఒంటి మీద గుడ్డ లేని పసిబిడ్డకు మైల లేదంటారు. మైల గుడ్డకే. నూలుపోగు లేకుండా ఉంటే మడిలో ఉన్నవాళ్ళు బిడ్డను ఎత్తుకోవచ్చు. పట్టుగుడ్డ చుట్టినా తప్పు లేదు. ఇంట్లో ఉన్న ఒక్క పట్టుతుండు చుడితే, పాప పది నిమిషాల్లో తడిపేసి ఊరుకుంది. దాంతో గుడ్డలన్నీ విప్పేసి, బోసి ఒంటితో ఎడమ చంకలో ఎత్తుకుని, కుడిచేత్తో పులిహోర పోపు వేయించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. మా అత్తగారు మడిలో నాగసాయిని ఇట్లాగే ఎత్తుకునేది మరి. వాడు పుట్టింది ఎండాకాలంలో అన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

మడి వంట పెరట్లో రేకుల కింద. మూడు పక్కలా గాలి. దండెం మీది మడిచీర మంచుకు ఆరేది కాదు. ఆ చెమ్మచీరే కట్టుకుని, దానికి పాపను హత్తుకుని మూడు గంటలు తిరిగేదాన్ని. మొదటి దినం ఏడ్చింది. రెండో దినం కొంచెం ఏడ్చింది. మూడో దినానికి ఏడుపు మానేసి ముడుచుకుని నన్ను అతుక్కుపోయింది. అలవాటు పడిందిలే అనుకున్నాను. మొద్దుబుద్ధి నాది.

నాలుగో దినం మెహబూబున్నీసా గోడ దగ్గరకొచ్చింది.

"అక్కా, పాప పెదాలు చూడు. సలికి నల్లబడతాండాయి. గుడ్డ కట్టు తల్లీ."

"మా ఆచారం నీకేం తెలుసు? నీ మిషను నువ్వు చూసుకో పో" అని కసిరాను.

ఆమె ముఖం చిన్నబోయింది. నేను పట్టించుకోలేదు. పదిన్నరకు గిన్నెలు గుడికి పోగానే స్నానం చేసి, పాపకు గుడ్డలు తొడిగి, పాలు పట్టి పడుకోబెట్టేదాన్ని. సాయంత్రం కోడలు వచ్చేసరికి పాప కాటుకబొట్టుతో కళకళలాడేది. "మా అత్త ఉంది కాబట్టి నేను ఉద్యోగం చేస్తాండా" అని ఆఫీసులో అందరికీ చెప్పిందట. విని పొంగిపోయాను.

శనివారం సాయంత్రానికి పాపకు పిల్లికూత పట్టింది. ఊపిరి తీస్తే పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. కోడలు బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టి, సంచీ అక్కడే వదిలేసి, పాపను భుజాన వేసుకుని ఆటో ఎక్కింది. వెనకాల నేను. గాంధీరోడ్డు పొడుగునా ఆ పిల్ల ఒక్క కేక పెట్టలేదు. పాప చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతూనే ఉంది.

పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ వెన్ను మీద గొట్టం పెట్టి విన్నది. నిమ్ము చేరిందంది. ముక్కుకు ఆవిరి మాస్కు పెట్టించింది.

"బిడ్డను సల్లగాలిలో ఏమన్నా పెట్టినారా?" అని అడిగింది.

"లేదు మేడం. మా అత్త పొద్దస్తమానం ఒళ్ళోనే పెట్టుకుంటాంది. అంత బాగా చూసేవాళ్ళు ఎవురికీ ఉండరు" అంది రమ్యశ్రీ.

నా నోరు ఎవరి దగ్గరా మూతపడేది కాదు. కూరగాయలవాడి నుంచి గుడి ధర్మకర్త దాకా అందరికీ తెలుసు. ఆ పూట మాత్రం నేను ఏమీ చెప్పలేదు.

ఆదివారం పొద్దునకు పాప కొంచెం తేరుకుంది. ఉభయాలున్నా సరే, ఆ పూట నైవేద్యం సంగతి మా ఆయన్నే చూసుకోమని ఆసుపత్రిలోనే ఉండిపోయాను. మెహబూబున్నీసా ఫ్లాస్కులో వేడినీళ్ళు, ఒక ఊలు టోపీ తెచ్చింది. నా వైపు చూసింది. చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు. పాప నెత్తికి టోపీ తొడిగి, కోడలి వీపు నిమిరి, వెళ్ళిపోయింది. మూడు దినాల కిందట నేను కసిరిన మనిషి. ఆమె మంచితనం ముందు నేనెంత?

మధ్యాహ్నం రమ్యశ్రీ మంచం అంచున కూర్చుని తెల్లకాగితం మీద రాస్తోంది. నాగసాయి తలపట్టుకుని కూర్చున్నాడు.

"రాజీనామా అమ్మా. చెప్తే వినడం లేదు" అన్నాడు నాతో.

"నేను పోబట్టే గదా పాపకు ఇట్లయింది" అంది కోడలు, తల ఎత్తకుండా. "ఆరు నెలలు నా దగ్గర ఉన్నప్పుడు ఒక్క తుమ్ము లేదు. ఆరు దినాలు నేను పోతే ఊపిరికే వచ్చింది. నాకీ ఉద్యోగం వద్దు. రేపు మీ కొడుకు పోయి ఆఫీసులో ఇచ్చి వస్తాడు."

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. నాలుగేళ్ళు పరీక్షలు రాసిన చెయ్యి. ఉన్నమాట చెప్తాను, నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కోడలు ఇంట్లో ఉంటుంది, పాపకు తల్లి దొరుకుతుంది, నా మడి నాకు మిగులుతుంది, నా గొప్ప కూడా మిగులుతుంది. ఆ ఆలోచన ఒక్క క్షణం నాకు వచ్చింది. వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"ఆ కాగితం ఆడ పెట్టు" అన్నాను. "నీ వల్ల కాదు. నా వల్ల."

చెప్పేశాను. గుడ్డలు విప్పడం, చెమ్మచీర, రేకుల కింద గాలి, మెహబూబున్నీసా చెప్పినా వినకపోవడం, అన్నీ. నాగసాయి నోరు తెరుచుకుని చూశాడు.

రమ్యశ్రీ పెన్ను మూత పెట్టింది.

"ఎన్ని దినాలు?"

"ఆరు."

"నేను ఫోను చేసినప్పుడల్లా బాగుందన్నారు."

"అన్నా."

"సామికి భయపడినారు గానీ, నా బిడ్డకు సలేస్తాదని భయపడల్యా మీరు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అరిచేదాన్ని. "బయటికి పోండత్తా. కాసేపు నా ముందర ఉండొద్దు."

వరండాలో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేమని ఏడ్చాను.

సోమవారం పాపను ఇంటికి పంపారు. కోడలు సెలవు పెట్టింది. నాతో మాటల్లేవు. మంచినీళ్ళిస్తే తీసుకుంది, అంతే. ఆ రాజీనామా కాగితం ఇచ్చిందో, చించిందో, నాకు తెలియదు. అడిగే ముఖం ఎక్కడిది నాకు? ఆ సాయంత్రం మా ఆయన గుడి నుంచి రాగానే ఎదురుగా నిలబడ్డాను.

"రేపటి నుంచి నైవేద్యం మీరే వండుకోండి."

"నేనా? ధనుర్మాసంలోనా? నాకేం వచ్చునే?"

"చింతపండు నానబెట్టేది రాని అర్చకుడు ఉంటాడా? నిన్న ఒక పూట వండినారు గదా. సామి ఏమన్నా వద్దన్నాడా?"

"ఉప్పెక్కువైంది" అన్నాడు పాపం, నిజాయితీగా.

"తగ్గించి వెయ్యండి" అన్నాను. ఆయన రాత్రే మడిపంచె తనే పిండి ఆరేసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

మంగళవారం తెల్లవారాక లేచి చూస్తే ఫ్రిజ్జులో నాలుగు డబ్బాలు వరసగా ఉన్నాయి. ప్లాస్టర్లు, గంటలు, గుండ్రటి అక్షరాలు. అంటే ఆ కాగితం ఇవ్వలేదన్నమాట. కోడలు ఆఫీసు చీర కట్టుకుని పాపకు స్వెట్టరు తొడుగుతోంది. నేనే దగ్గరకు పోయి చెప్పాను.

"పాపను మెహబూబున్నీసా దగ్గర పెట్టి పో తల్లీ. నేను పోయి ఆమె కాళ్ళు పట్టుకునైనా అడుగుతా. నా మీద నాకే నమ్మకం లేదు."

ఆమె స్వెట్టరు గుండీలు అన్నీ పెట్టింది. తర్వాత పాపను ఎత్తి నా చేతుల్లో పెట్టింది.

"మీరు చెప్పకుండా ఇంకొకరి నోట విని ఉంటే, నేను జన్మలో మీ చేతికి ఇచ్చేదాన్ని కాదు" అంది. "చెప్పినారు. నా ఉద్యోగం పోతుందని చూసి, మీ మర్యాద పోయినా చెప్పినారు. ఇంకెవురికి ఇయ్యాల నేను? తొమ్మిదింటికి మందు. పదింటికి పాలు. కోపం వస్తే పాప మీద కాకుండా మామ మీద అరవండి."

సంచీ భుజాన వేసుకుని గడప దిగింది. నేను పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు తిరిగి చూస్తుంది, అనుమానంగా ఒక్కసారైనా చూస్తుంది, చూడకుండా ఎట్లా ఉంటుంది, కన్నతల్లి గదా అనుకుంటూ మలుపు దాకా కళ్ళార్పకుండా చూశాను. బస్సుకు ఆలస్యమైందని వడివడిగా నడిచి మలుపు తిరిగిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.