ఆలిస్ పోయిన వారం

గ్లోరియా చిలకలగూడలో ప్రిసిల్లా గారింటికి వచ్చి నాలుగు నెలలైంది. ఆఫ్రికాలోని మలావీ నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్ల. కాలేజీ తార్నాకలో. ఇంట్లో ప్రిసిల్లా, ఆమె భర్త దేవానందం, ఇద్దరే. ఆమె ఇంగ్లీషు టీచరుగా, ఆయన రైల్వే గార్డుగా రిటైరయ్యారు. ముందుగది ఇచ్చి, రెండు పూటలా భోజనం పెట్టేట్టు కాలేజీవాళ్లే మాట్లాడి పెట్టారు.

గ్లోరియా తిన్న కంచం తనే కడిగేది. "మేడమ్", "సర్" అనేది. పప్పుచారు కారమైతే నీళ్లు తాగేదే తప్ప చెప్పేది కాదు. గది తలుపు వేసుకున్నాక మాత్రం ఆమె నవ్వు హాల్లోకి వినిపించేది. అప్పుడు ఫోన్లో ఆలిస్ ఉన్నట్టు.

ఊళ్లో ఇద్దరూ ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. గ్లోరియా బయల్దేరిన రోజు ఆలిస్ ఎయిర్‌పోర్టుకు రాలేదు. "నువ్వెళ్లడం నేను చూడను" అని మొండికేసింది. వారం అలిగి, తర్వాత తనే రోజూ ఫోను చెయ్యడం మొదలుపెట్టింది.

నవంబరులో పరీక్షలొచ్చాయి. గ్లోరియా ఫోను ఎత్తడం తగ్గించింది. ఒక సోమవారం ఆలిస్ ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టింది. తీరిగ్గా విందామని గ్లోరియా దాన్ని అలాగే వదిలేసింది.

శుక్రవారం మధ్యాహ్నం కాలేజీ క్యాంటీన్లో ఉండగా ఆలిస్ అన్న దగ్గర్నుంచి కబురొచ్చింది. మలేరియా. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. పొద్దున పోయింది.

ఆ సాయంత్రం గ్లోరియా ఎప్పట్లాగే ఇంటికొచ్చి, ఎప్పట్లాగే కంచం ముందు కూచుంది. అన్నం కలుపుతూనే ఉంది.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని ప్రిసిల్లా ఇంగ్లీషులో అడిగింది.

"నా స్నేహితురాలు చనిపోయింది మేడమ్," అంది గ్లోరియా, పాఠం అప్పజెప్పినట్టు. "రేపు సమాధి చేస్తారు. కొంచెం మజ్జిగ వేసుకోవచ్చా?"

ప్రిసిల్లా కంచం పక్కకు జరిపి, తనే ఆ పిల్ల చెయ్యి కడిగింది. అప్పుడు ఏడిచింది గ్లోరియా. ఏడుస్తూనే మెసేజ్ సంగతి చెప్పింది.

"విందామా? నేను పక్కనుంటాను."

విన్నారు. ఆలిస్ మాట్లాడింది వాళ్ల భాషలో, ప్రిసిల్లాకు ఒక్క ముక్క తెలియలేదు. మధ్యలో దగ్గు, నవ్వు మాత్రం తెలిశాయి.

"ఏమంటోంది?"

"జ్వరమట. మందులు చేదట. మా లెక్కల టీచరు పెళ్లి గౌను ఎంత ఘోరంగా ఉందో చెప్తోంది." గ్లోరియా మెసేజ్‌ను కాస్త వెనక్కి జరిపి మళ్లీ వింది. "ఫోను ఎత్తట్లేదంటే నీకక్కడ మనుషులు దొరికినట్టే, మంచిదేలే అంటోంది."

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు సమాధి కార్యక్రమం వీడియోలో చూపిస్తామన్నారు. గ్లోరియా భోజనాల బల్ల మీద ఫోను నిలబెడుతుంటే దేవానందం నల్లకోటు, టై, పాలిష్ చేసిన బూట్లతో గదిలోంచి వచ్చాడు.

"ఎక్కడికి సర్?"

"ఎక్కడికీ లేదమ్మా, ఇక్కడికే. భూస్థాపనకు లుంగీతో రాకూడదు కదా," అని కుర్చీ లాక్కుని కూచున్నాడు.

కింది వాటాలో ఉండే సర్దార్ బీ కరివేపాకు కోసం వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "ఏందక్కా, అన్న కోటేసుకున్నడు? ఏడికన్న పోతున్రా?"

"మా గ్లోరియా స్నేహితురాలు పోయింది సర్దార్ బీ. దీని ఈడుదే."

"అయ్యో బిడ్డా!" సర్దార్ బీ చెప్పులు విడిచి, కొంగు తలమీదికి లాక్కుని తనూ వచ్చి కూచుంది.

అక్కడ వాన పడుతోంది. గొడుగుల కింద ఆడవాళ్లు పాడుతున్నారు. రాగం తమ చర్చిలో పాడేదే కావడంతో దేవానందం తెలుగు మాటలతో మెల్లగా గొంతు కలిపాడు. పెట్టెను తాళ్లతో దించుతుండగా బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కలిపినా కలవలేదు. చివరిది గ్లోరియా చూడలేదు.

చాలాసేపటికి సర్దార్ బీయే అడిగింది. "ఎట్లుండేది బిడ్డా నీ దోస్తు? జెర చెప్పు."

ప్రిసిల్లా ఆ మాట ఇంగ్లీషులోకి మార్చింది. గ్లోరియా చెప్పడం మొదలుపెట్టింది. అయిదో తరగతిలో టీచరు ఇద్దర్నీ వేరే బెంచీల్లోకి మారుస్తానంటే, ఆలిస్ గప్‌చుప్‌గా ఇద్దరి బూట్ల లేసులూ కలిపి ముడేసిందట. లేవమనగానే ఇద్దరూ బోర్లా పడ్డారట. తెలుగులో వినగానే సర్దార్ బీ కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. గ్లోరియా కూడా నవ్వింది. నవ్వుతూనే బల్ల మీద తల వాల్చేసింది. ఎవరూ లేపలేదు.

సోమవారం ఇంకో పరీక్ష. వెళ్లి రాసింది. ఏం రాసిందో తనకే తెలియదు. సాయంత్రం బస్సు కిటికీలోంచి, హెల్మెట్ బదులు ప్లాస్టిక్ కుర్చీ నెత్తిమీద బోర్లించుకుని స్కూటరు మీద పోతున్న మనిషి కనిపించాడు. ఆలిస్‌కు చెప్పాలని చేతిసంచీలో ఫోను కోసం వెతికింది. దొరికాక, దాన్ని పట్టుకుని అలాగే కూచుండిపోయింది. చిలకలగూడ దాటిపోయింది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర అందరితోపాటు దిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది.