పన్నెండడుగుల బల్ల

ఆ ఫారం మా సెక్షన్‌కు వచ్చిన రోజు సూపరింటెండెంటు గారు దాన్ని ముందు సీనియర్ గుమాస్తాకు ఇచ్చారు. ఆయన కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు. జేబులోంచి కళ్ళజోడు తొంగిచూస్తూనే ఉంది. టైపిస్టు తనకు నడుం నొప్పి అంది. చివరికి అది నా ముందు పడింది.

"అమ్మాయీ, నువ్వు డిగ్రీ చదివావు కదా. ఇది నీకు తగ్గ పని" అన్నారు సూపరింటెండెంటు గారు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అందుకని ఎవరికీ అర్థం కాని కాగితం ఏదొచ్చినా, పక్కింటివాళ్ళ స్కానింగ్ రిపోర్టుతో సహా, అది నాకు తగ్గ పనే. నగరపాలక సంస్థలో చేరాక ఆఫీసులోనూ అదే వరస. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు కాబట్టి కాదనే వీలు కూడా లేదు.

ఫారం పైన ఇలా ఉంది: "చేతిపనులు సరదాగా చేసుకునేవారికి మీ నగరం ఎంత అనువైనది?" కింద అరవై నాలుగు గడులు. ఏదో సంస్థ నగరాలన్నిటికీ మార్కులు వేసి వరుస ప్రకటిస్తుందట. లక్షమందికి ఎన్ని దారం దుకాణాలున్నాయి, కుట్లు అల్లికలు నేర్పే తరగతులు ఎన్ని, ఏడాదికి ఎన్ని ప్రదర్శనలు, ఇంటర్నెట్ వేగం ఎంత. మనం మొదటి పదిలో ఉండాలని కమిషనర్ గారు అన్నారట.

నేను నిజంగానే తిరిగాను. మూడు వారాలు, ఎండనపడి, కొట్టు కొట్టుకూ. గుండీలు, లేసులు అమ్మే ముసలాయన్ని, సరదాకి కొనేవాళ్ళెందరు, పనికి కొనేవాళ్ళెందరని అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"పనికి కొనేవాళ్ళు నిమిషంలో కొనేసి పోతారు తల్లీ. సరదాకి కొనేవాళ్ళు గంటసేపు అన్నీ తీయించి, ఒక్క గుండీ కొని, రేపొస్తామంటారు. ఏ గడిలో రాసుకుంటావో రాసుకో."

రాసుకోవడానికి గడి లేదు.

ఇంటికొచ్చి అదే ప్రశ్న అమ్మను అడిగాను. అమ్మ చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు కాలర్లు కుట్టింది. కాలర్లు మాత్రమే. చేతులు ఒకరు, జేబులు ఒకరు, కాజాలు ఒకరు. చొక్కా మొత్తంగా ఎలా ఉంటుందో దుకాణం అద్దంలో చూడాల్సిందే. మోకాళ్ళు అరిగిపోయి పని మానేశాక అమ్మ ఒక బొంత మొదలుపెట్టింది. ఎవరో చెప్తేనో, ఎవరికో ఇవ్వాలనో కాదు. మొదటి ముక్క నుంచి చివరి కుట్టు దాకా ఒక్క వస్తువు తనే చేయాలని.

"ఊళ్ళో ఏముంటే నీలాంటివాళ్ళకి బాగుంటుందమ్మా?"

"బల్ల" అంది అమ్మ, ఆలోచించకుండానే. "పెద్ద బల్ల. లేవండి అనేవాడు లేని బల్ల."

"దుకాణాలు, క్లాసులు?"

"దారం ఎక్కడైనా దొరుకుద్ది. కుట్టడం వచ్చినవాళ్ళకి క్లాసెందుకు? పరవడానికి చోటేది?"

బొంత సంగతి తెలియనివాళ్ళకు ఇది చెప్పాలి. పైన ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ, మధ్యలో మెత్తటి పొర, కింద ఒక గుడ్డ. ఈ మూడింటినీ ముడత లేకుండా ఒకదాని మీద ఒకటి పరిచి, కదలకుండా పొడవాటి కచ్చా కుట్లు వేయాలి. అసలు కుట్టు అయ్యాక వాటిని పీకేస్తారు. కచ్చా కుట్లు పడేటప్పుడు మాత్రం బొంత మొత్తం ఒకేసారి, చదునుగా పరిచి ఉండాలి. అమ్మ బొంత ఏడడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. మా ముందుగదిలో మంచం, బీరువా, కుట్టుమిషను పోగా నలుగురు నిలబడితే ఐదోవాడు గుమ్మంలో ఉండాలి. మేడ తాళం ఇంటి ఓనరు మొలలో ఉంటుంది.

అందుకే అమ్మ మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు మా పేట లైబ్రరీ మేడమీది హాలుకు వెళ్ళేది. అక్కడొక పాత బల్ల ఉండేది. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. పొద్దున పేపర్లు చదివేవాళ్ళు భోజనాలకు వెళ్ళిపోయాక అది ఖాళీ. అమ్మతో పాటు ఇంకో ముగ్గురు వచ్చేవాళ్ళు. అందులో ఒకావిడ రిటైరైన నర్సు. ఆవిడ కుట్టు ఆవగింజంత ఉంటుంది.

"నలభై ఏళ్ళు మనుషులకి కుట్లేశాను. ఒకటే గోల. ఈ గుడ్డ ఎంత పొడిచినా కిక్కురుమనదు" అనేది నర్సమ్మగారు.

లైబ్రేరియన్ గారు మంచాయన. సగం పని అయిన బొంతను బల్లమీదే ఒక పక్కగా ఉంచుకోనిచ్చేవాడు. పైన పాత పేపర్లు కప్పేవాడు. ఇదంతా ఏ రిజిస్టరులోనూ లేదు. ఎవరూ అనుమతి అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. అందుకే సాగింది.

ఫారంలో ముప్పై ఒకటో గడి: "చేతిపనుల కోసం ప్రజలు ఉమ్మడిగా వాడుకునే స్థలం ఉన్నదా? వివరాలు." పదిహేను మార్కులు. సూపరింటెండెంటు గారు ఆ గడి దగ్గర పెన్సిలుతో పొడుస్తూ, "ఇదొక్కటే మనల్ని ముంచేలా ఉంది" అన్నారు.

నాకు తెలుసు కదా! తెలిసింది రాయకపోతే నా చదువెందుకు? లైబ్రరీ పేరు, మేడమీది హాలు, బల్ల కొలతలు, వాడుకునేవారు నలుగురు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆ సాయంత్రం అమ్మతో గొప్పగా చెప్పాను కూడా. అమ్మ సూది ఆపి నావైపు చూసింది.

"ఎందుకు రాశావే?"

"మంచి విషయమేగా అమ్మా."

"మంచిదే. అందుకే అడుగుతున్నా."

అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థమై ఉండాల్సింది. మా ఆఫీసులో పనిచేసే ఎవరికైనా తెలిసిన సంగతే: కాగితం మీదికి ఎక్కిన ప్రతిదాన్నీ చూడటానికి ఎవరో ఒకరు వస్తారు. వచ్చేముందు దానికి రంగు వేస్తారు.

రెండు వారాలకు మంగళవారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఆఫీసు వేళల్లో ఎప్పుడూ చేయదు.

"హాలుకి తాళం వేశారు. నా బొంత లోపలుంది."

పరిగెత్తాను. లైబ్రేరియన్ గారు తాళం తెప్పించి తీశాడు. లోపల సున్నం వాసన. గోడలకు లేతనీలం. బల్ల లేదు. బొంత మూలన చాపలా చుట్టి నిలబెట్టి ఉంది. రంగులవాళ్ళు దాన్ని ఏమనుకున్నారో, తాడుతో బిగించి కట్టారు. విప్పి చూస్తే గుండుసూదులు వంకర్లు పోయాయి, మధ్య పొర ఒక పక్కకు ముద్దగా జరిగింది, కచ్చా కుట్లు సగం తెగాయి. అమ్మ వంగిన గుండుసూదులు ఒక్కొక్కటే పీకి రుమాలులో వేసుకుంది.

"బల్ల ఏదండీ?" అన్నాను లైబ్రేరియన్ గారితో.

"మీ ఆఫీసువాళ్ళే పట్టుకెళ్ళారమ్మా. పాతది, ఫొటోలో బాగుండదన్నారు. నేను చెప్పి చూశాను. మీ పేరు కూడా చెప్పాను. ఆ అమ్మాయి రాయబట్టే ఇదంతా జరుగుతోంది, మీకు తెలీదా అన్నారు."

కొత్త బల్లలు గురువారానికి వచ్చాయి. ఎనిమిది. గుండ్రటివి, ఒక్కోటి పళ్ళెమంత కాకపోయినా సైకిలు చక్రమంత. నేనూ నర్సమ్మగారూ వాటిని దగ్గరికి జరపబోయాం. కదల్లేదు. ఎవరూ ఎత్తుకుపోకుండా నేలకు బోల్టులు వేశారు.

"వీటి మీద ఏం కుడతాం, రుమాళ్ళా?" అంది నర్సమ్మగారు.

"కాఫీ తాగొచ్చు" అన్నాడు లైబ్రేరియన్ గారు. "కానీ లోపలికి కాఫీ తేకూడదని బోర్డు పెట్టారు."

నేల మీద పరుద్దామంటే బల్లల కాళ్ళ మధ్య ఏడడుగుల చోటు లేదు. ఉన్నా, అమ్మ మోకాళ్ళు వంగవు.

పాత బల్ల ఎక్కడుందో కనుక్కున్నాను. మా ఆఫీసు రికార్డు రూములోనే ఉంది, నిలువెత్తు ఫైళ్ళ కింద. దాన్ని లైబ్రరీకి తిరిగి పంపించాలని నోట్ రాశాను. కారణాలు నాలుగు చూపించాను. నోట్ మూడు టేబుళ్ళు తిరిగి పదకొండో రోజున నా దగ్గరికే వచ్చింది. కింద ఎర్రసిరాతో: "హాలులో ప్రస్తుతం ఎనిమిది బల్లలు కలవు. అదనపు బల్ల అవసరం కనిపించదు."

సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాను. "సార్, బొంత పరవాలంటే..."

"అమ్మాయీ, ఒక్క పాత బల్ల ఇచ్చి ఎనిమిది కొత్తవి తీసుకున్నారు. ఇంకా ఏడుస్తారేంటి?" ఆయన కోపంగా కూడా అనలేదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. నాకు అదే ఎక్కువ మండింది. "అది సరే గానీ, సోమవారం ఆ మార్కుల సంస్థవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. నలభై మంది ఆడవాళ్ళు కావాలి. మీ అమ్మగారిని తీసుకురా."

"నలుగురని రాశాను సార్."

"పక్కన సున్నా నేను పెట్టాన్లే."

అమ్మ రానంటుందనుకున్నాను. "నీ ఉద్యోగం పర్మనెంటు చేసేది ఆయనేనా?" అని అడిగింది. అవునన్నాను. సోమవారం పొద్దునే ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది.

హాలు నిండా మా పారిశుద్ధ్య విభాగం ఆడవాళ్ళు, డ్యూటీలోంచి వచ్చినవాళ్ళు. అందరి చేతుల్లో ఒకే రకం చెక్క రింగు, దానికి బిగించిన తెల్లగుడ్డ, ఒక సూది. అమ్మకూ ఒకటి ఇచ్చారు.

"నాకు రింగులో కుట్టడం రాదండీ."

"పట్టుకుంటే చాలమ్మా" అన్నారు సూపరింటెండెంటు గారు.

వచ్చినావిడ మర్యాదస్తురాలు. అమ్మ దగ్గర ఆగి, "ఏం కుడుతున్నారండీ?" అంది.

అమ్మ నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

"ఇంకా మొదలుపెట్టలేదండి" అంది అమ్మ.

ఆవిడ ఏదో రాసుకుని ముందుకెళ్ళింది. నర్సమ్మగారు మాత్రం ఊరుకోలేదు. "ఇక్కడ మంచి బల్ల ఉండేదమ్మా" అని అందుకుంది. అంతలో ఫొటోగ్రాఫర్ అందరూ ఇటు చూడండి అన్నాడు. ఆ వచ్చినావిడా అటు చూడాల్సివచ్చింది.

మర్నాడు ఆఖరి కాగితం సంతకానికి నా ముందుకొచ్చింది. "తయారుచేసినవారు" అన్నచోట నా పేరు. ముప్పై ఒకటో గడిలో: వాడుకునేవారు నలభై మంది. నేను నలభైని కొట్టేసి పక్కన రాశాను: "ప్రస్తుతం ఎవరూ లేరు. ఇంతకుముందు నలుగురు ఉండేవారు." సంతకం చేశాను. అక్షరాలు బాగానే వచ్చాయి.

ఏదో జరుగుతుందని గంటసేపు కూర్చున్నాను. సూపరింటెండెంటు గారు కాగితం చూసి, ఒక నిట్టూర్పు విడిచి, టైపిస్టును పిలిచారు. ఆవిడ నడుం నొప్పితోనే ఆ పేజీ మళ్ళీ కొట్టింది. సీనియర్ గుమాస్తా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, నా పేరు ఉండాల్సిన చోట ఆయన సంతకం చేశాడు. నన్నెవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ మంచం మీది పరుపు తీసి గోడకు ఆనించింది. చెక్కల మీద బొంత పైగుడ్డ పరిచి ఉంది. సగం మంచం మీద, సగం రెండువైపులా నేలమీదికి వేలాడుతోంది. స్కేలు పెట్టి నిలువునా ఒక గీత, అడ్డంగా ఒక గీత సుద్దతో గీసింది. పక్కన పెద్ద కత్తెర.

"ఏం చేస్తున్నావమ్మా?"

"నాలుగు చేస్తన్నా. ఒక్కోటీ మూడున్నర, మూడు. మంచం మీద సరిపోద్ది."

"వద్దమ్మా. ఇంకో చోటు చూస్తాను. స్కూలు హెడ్మాస్టరు గారిని అడుగుతాను. ఆ హాలుకే ఇంకో అర్జీ పెడతాను."

"ఎన్నాళ్ళు చూస్తావే? ఏడాది కుట్టా దీన్ని. బీరువా మీద చుట్టిపెడితే ఎలకలకి పనికొస్తది."

"మరి నువ్వు మొత్తం ఒకటిగా చేయాలనేగా..."

అమ్మ సుద్ద పక్కన పెట్టింది. గుడ్డ నడిమధ్య ఒక పెద్ద ముదురునీలం చతురస్రం ఉంది. అన్నిటికంటే ముందు కత్తిరించిన ముక్క అదే. దాని చుట్టూ పేర్చుకుంటూ వచ్చిందే మిగతా అంతా. రెండు గీతలూ దాని మీదే కలిశాయి.

"నేను రాయకుండా ఉండాల్సిందమ్మా."

"రాశావు. అయిపోయింది. సంతకం చేశావా?"

"చేశాను. మార్చేశారు."

"ఉద్యోగం ఉందా?"

"ఉంది."

"అయితే ఇటు రా. ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాను.

"అట్టా కాదు. లాగి పట్టుకో. వదులైతే కత్తెర పక్కకి పోద్ది."

లాగి పట్టుకున్నాను. అమ్మ కత్తెర తీసుకుని, ఒక్క క్షణం నీలం ముక్క మీద అరచెయ్యి పెట్టి సాపు చేసి, అంచు దగ్గర మొదలుపెట్టింది. గీత తప్పలేదు. మధ్యకు వచ్చేసరికి నేను కళ్ళు మూసుకున్నాను.

"కళ్ళు తెరిచి పట్టుకోవే" అంది అమ్మ. "వంకరపోతే నీదే బాధ్యత."